మీటరులో సున్నా

మా బావ పగడాల తొట్టి మురికితో పోయిందని చుట్టాల్లో చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. కాదు. శుభ్రం చేసీ చేసీ పోగొట్టుకున్నాడు.

డాలస్ శివార్లలోని ఫ్రిస్కోలో వాళ్లిల్లు. హాల్లో గోడవారగా 450 లీటర్ల అద్దాల తొట్టి. ఇంటికొచ్చిన వాళ్లెవరైనా చెప్పులు విప్పి నేరుగా దాని ముందుకే వెళ్లేవారు. నీలం లైట్ల కింద ఆక్రోపోరా కొమ్మలు, మొదట్లో లేతాకుపచ్చ, కొసల్లో ఊదా. పక్కనే హ్యామర్ కోరల్ వేళ్లన్నీ పంపు కొట్టే అలకు ఒకేవైపు వాలేవి. రెండు క్లౌన్ చేపలు, ఒక పసుపుపచ్చ టాంగ్, రాళ్ల మీద గులాబీ పూత. ఆ పగడాల్లో ఒక్కటీ సముద్రంలోంచి తెచ్చింది కాదు. తోటి అభిరుచిగాళ్లు తమ ఇళ్లలో పెంచి, విరిచి ఇచ్చిన బొటనవేలంత ముక్కలే ఏళ్ల మీద అలా గుబురుకట్టాయి.

నీళ్ల విషయంలో బావ మహా పట్టుదల మనిషి. అమెరికాలో చాలా ఊళ్లలో పైపుల్లోని సీసం కరిగి దిగకుండా కుళాయి నీళ్లలో ఫాస్ఫేట్ కలుపుతారు. అందుకే ఆర్‌ఓ పట్టి, దాని మీద ఇంకో ఫిల్టరు పట్టి, ఆ నీళ్లలోనే ఉప్పు కలిపేవాడు. అంత కాపలా కాసినా ఫాస్ఫేట్ తిండి దారిన లోపలికొచ్చింది. ఆ ఏడాది వాళ్లమ్మగారు విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చారు. పగలంతా ఇంట్లో ఆవిడా, చేపలూ. టాంగ్ అద్దం దగ్గరికి వచ్చి నోరు తెరిచిందంటే చాలు, "నోరులేని జీవాలురా, ఆకలని చెప్పుకోగలవా?" అంటూ ఫ్రీజర్లోని రొయ్యల ముక్క ఒకటి కరిగించి, ఆ నీళ్లతో సహా ఒంపేసేవారు. ఆవిడను తప్పుపట్టలేం. ఆ ఇంట్లో ఆవిడ చేతి తిండి వద్దనకుండా తినేవి అవే.

ఏ తిండిలోనైనా భాస్వరం ఉంటుంది. చేప తిన్నదీ తినక వదిలిందీ చివరకు నీళ్లలో ఫాస్ఫేట్‌గానే తేలుతుంది. ఇళ్లలో రీఫ్ పెంచేవాళ్లు దాన్ని 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంచితే చాలనుకుంటారు. బావ మీటరు 0.25 దాకా వెళ్లింది. ముందు రాళ్ల అంచుల్లో నూగు, తర్వాత వేలెడంత ఆకుపచ్చ జుట్టు. పైగా ఆ రాళ్లు సున్నపు రాళ్లు. ఫాస్ఫేట్‌ను తమలోకి పట్టుకుంటాయి, నీళ్లలో తగ్గినప్పుడు మెల్లగా వదులుతాయి. కాబట్టి తిండి తగ్గించిన మర్నాడే నాచు పోదు. నాచు పీల్చేసుకుంటుంటే మీటరు తక్కువ చూపించడమూ ఉంటుంది.

మొదట్లో అన్నీ సరిగ్గానే చేశాడు. ఆదివారాలు చేతులు మోచేతుల దాకా ముంచి నాచు పీకేవాడు, పాత టూత్‌బ్రష్షుతో రాళ్లు తోమేవాడు. టర్బో నత్తలు తెచ్చి వదిలాడు. కింది సంపులో లైటు పెట్టి కీటో నాచు పెంచాడు. అది ఫాస్ఫేట్ తాగి పెరుగుతుంది, మనం పిడికెడు తీసి పారేస్తే ఫాస్ఫేట్ కూడా దాంతోపాటే పోతుంది. నా లెక్కన అక్కడే ఆగి ఓ మూడు నెలలు ఓర్చుకుంటే తొట్టి బతికేది. కానీ బావకు ఆకుపచ్చ రంగు చూస్తే అవమానంగా ఉండేది, శనివారం భోజనానికి పిలిచిన వాళ్ల ముందు మరీనూ.

అప్పుడొచ్చింది జీఎఫ్ఓ. తుప్పురంగు ఇనుప ఆక్సైడ్ గుళికలు. గొట్టంలో పోసి నీళ్లు పారిస్తే ఫాస్ఫేట్‌ను పట్టేస్తాయి. మంచి సరుకే, కొంచెం కొంచెంగా వాడాలి. బావ రెట్టింపు పోశాడు. 0.25 కాస్తా 0.08 అయింది, 0.02 అయింది. ఓ పొద్దున మీటరులో 0.00. దాని ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెడితే అందరం చప్పట్ల బొమ్మలు పెట్టాం. నాచు తెల్లబడి ఊడిపోయింది. అద్దం అవతల గోడ కనిపించేంత తేట నీళ్లు. గొట్టం మాత్రం తిరుగుతూనే ఉంది.

పగడం తినేది చాలావరకు తనలో కాపురముండే సూక్ష్మమైన శైవలాలు వండిపెట్టేదే. వాటికీ ఫాస్ఫేట్ కావాలి. నీళ్లలో నైట్రేట్ ఉండి ఫాస్ఫేట్ కరువైతే పగడాలు వేడికీ వెలుతురుకూ తట్టుకోలేక పాలిపోతాయని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో యార్గ్ వీడెన్‌మన్ బృందం 2013లో చూపించింది. ఆక్రోపోరా ఊదా కొసలు ముందు మాడాయి. తర్వాత ఇసుక మీద గోధుమరంగు జిగురు, చీమిడి తీగల్లా వేలాడుతూ, ప్రతి తీగ చివరా ఓ గాలిబుడగ. రాత్రికి మాయం, మధ్యాహ్నానికి మళ్లీ ప్రత్యక్షం. బావ దాన్ని ఇంకో రకం నాచనుకున్నాడు. మరో డబ్బా జీఎఫ్ఓ పోశాడు.

"ఏమండీ, నత్తలన్నీ వెల్లకిలా పడున్నాయి చూడండి" అని పిలిచింది అక్క. తిరగేసి పెడితే మళ్లీ పడిపోయాయి.

అది నాచు కాదు, డైనోఫ్లాజెల్లేట్లు. వాటిలో కొన్ని విషపువి, మేసిన నత్తను చంపేస్తాయి. మామూలు నాచులూ బ్యాక్టీరియా ఆకలికి మాడి జాగా ఖాళీ చేస్తే ఇవి దాదాపు ఏమీ లేని నీళ్లలోనే రాజ్యమేలతాయి. జమైకా సముద్రంలో జరిగింది దీనికి తలకిందులు. అక్కడ 1983లో నాచు మేసే నల్లముళ్ల సీ అర్చిన్లు రోగంతో కుప్పలుగా చచ్చాయి. 1970ల చివర్లో సగం దాకా ఉన్న పగడాల పరపు పదిహేనేళ్లలో మూడు శాతానికి పడిపోయి, మిగతా దాదాపు అంతా నాచే అయింది. అక్కడ మేసేవాళ్లు పోయారు, ఇక్కడ మేతే పోయింది.

విషయం తెలిశాక బావ చేసింది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గొట్టం పీకేసి, ఏడాదిపాటు ఎవరి మీద యుద్ధం చేశాడో ఆ ఫాస్ఫేట్‌నే సీసాలో కొనుక్కొచ్చి రోజూ చుక్కలు లెక్కపెట్టి పోశాడు. మూడు రోజులు లైట్లార్పి తొట్టికి దుప్పటి కప్పాడు. యూవీ దీపం పెట్టాడు. జిగురు పోయింది. ఆక్రోపోరా మాత్రం అప్పటికే మొదట్లోంచి తోలు ఊడి, లోపలి తెల్లటి ఎముక బయటపడింది. నెలలోపే ఆ ఎముకల మీద పాత ఆకుపచ్చ నూగు మొలిచింది.

టాంగ్‌నూ క్లౌన్ చేపలనూ దగ్గర్లో ఉన్న షాపుకిచ్చేశాడు. లైట్లూ పంపులూ అమ్ముడుపోయాయి. రాళ్లకు వచ్చిన కుర్రాడు తెలివైనవాడు. తీసుకునే ముందు వాటిని బకెట్టెడు కొత్త ఉప్పునీళ్లలో వారం నానబెట్టమన్నాడు. తర్వాత తన మీటరు పెట్టి చూస్తే 0.30. "ఫాస్ఫేట్ బాగా పట్టేసిన రాళ్లండీ" అని సగం ధరకు తీసుకెళ్లాడు.