మాగాణి ఊళ్ళో మిరప పెరడు

మిరప చరిత్ర అనగానే అందరూ కృష్ణ దాటి గుంటూరు వెళ్ళిపోతారు. మిర్చి యార్డు, లాం ఫారం, జి-4, తేజ, సన్నం ఎగుమతులు... కథంతా అక్కడే జరిగినట్టు రాస్తారు. కృష్ణకు ఇవతలున్న మా గన్నవరం ఊసు అందులో రాదు. ఇక్కడి హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని, నాకా రాతలు సగం చరిత్రగానే కనిపిస్తాయి. డెల్టా ఊళ్ళలో మిరపను నిలబెట్టింది పెరళ్ళు, ఆ పెరళ్ళు చూసుకున్న ఆడవాళ్ళు.

మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికోలో వేల ఏళ్ళ నుంచీ పండిస్తున్నారు. 1492 తర్వాతే మిగతా ప్రపంచం దాని రుచి చూసింది. మన దేశానికి పోర్చుగీసు ఓడల మీద పడమటి తీరానికి వచ్చింది. శ్రీనాథుడు పల్నాటి జొన్నకూటి మీద విసుక్కున్న కాలానికి ఆ కూట్లో నంజుకోవడానికి పచ్చిమిరపకాయ లేదు. అప్పటి ఘాటంతా మిరియాలది, పిప్పళ్ళది, అల్లానిది, ఆవాలది. ఆ పాత వంట ఎలా ఉండేదో తెలియాలంటే తద్దినం భోజనం చూడండి. చాలా బ్రాహ్మణ ఇళ్ళలో ఈనాటికీ ఆ రోజు మిరపకాయ ముట్టరు, కారానికి మిరియాలే వాడతారు. పితృదేవతలు ఎరగని కాయ అది.

మరి అంత త్వరగా ఇల్లిల్లూ ఎలా అల్లుకుంది? మిరియాల తీగకు మలబారు వానలు కావాలి, పాకడానికి చెట్టు కావాలి. మనవాళ్ళు కొనుక్కు తినాల్సిందే. మిరపకు ఎండ, నీరు నిలవని జానెడు నేల ఉంటే చాలు. గింజ ఇంట్లోనే దొరుకుతుంది. డబ్బున్నవాళ్ళకే అందిన ఘాటు కూలివాడి గంజిలోకీ వచ్చింది. బలం కూడా వచ్చింది. సి విటమిన్ మీద పరిశోధనకు 1937లో నోబెల్ అందుకున్న సెంట్-గ్యోర్గీ, ఆ విటమిన్‌ను పెద్ద మొత్తంలో తీసింది హంగరీ మిరపకాయల నుంచే.

ఇక మా ఊరి సంగతి. 1833 నాటి డొక్కల కరువు ఈ ప్రాంతాన్ని ఊడ్చేసింది. ఆ తర్వాత, 1855కి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలువ పారిన మేరా వరి పరుచుకుంది. నీళ్ళు నిలిస్తే మిరప వేరు కుళ్ళి నిలువునా వాడిపోతుంది. అందుకే మిరప చేలు నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు మెట్టల్లోనే కనిపిస్తాయి. గన్నవరం మాగాణికీ మెట్టకూ సరిహద్దు. ఒక పక్క కాలువ కింద మాగాణి, ఇంకో పక్క నూజివీడు దాకా మామిడి తోటలు. మాగాణి వైపు ఇళ్ళలో మిరపకు మిగిలింది కాస్త మెరకగా ఉన్న పెరడే. బావి దగ్గర, పశువుల పాక వెనక నాలుగు పాదులు.

ఆ నాలుగు పాదుల వెనక ఎంత విద్య ఉందో మా అత్తగారి దగ్గర చూశాను. మృగశిర కార్తెలో నారు పోసేవారు. సంక్రాంతి నాటికి విత్తనం కాయలు ఏరేవారు. "కాయ అందం చూడకమ్మా, ముందు చెట్టు చూడు. ముడత పడ్డ చెట్టు కాయ ఎంత నిగనిగలాడినా విత్తనానికి పనికిరాదు" అనేవారు. ఆకు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని చూడగానే చెప్పేవారు. బజ్జీ మిరపను కారం మిరపకు దూరంగా పెట్టేవారు. పక్కపక్కనే ఉంటే ఈ ఏటి కాయకు ఏమీ కాదు, మరుసటి ఏడు మొలిచే మొక్కకు కారం తప్పుతుంది. ఏరిన కాయల్ని గింజ తీయకుండా ఎండబెట్టి, పొయ్యి పొగ తగిలేలా దూలానికి కట్టేవారు. పొగకు పురుగు చేరదు. వానలు పడగానే "పిన్నిగారూ, నాలుగు నారు మొక్కలుంటే ఇప్పించండి" అంటూ ఇరుగుపొరుగు వచ్చేవారు. నారు అమ్మడమన్నది మా వీధిలో లేదు.

ఆవకాయ కారానికి మెట్ట మిరపే కొనేవాళ్ళం. రోజువారీ పచ్చళ్ళకు, పండుమిరపతో దంచే కొరివికారానికి, మజ్జిగలో నానేసి ఎండబెట్టే ఊరమిరపకు మాత్రం పెరటి కాయే.

2021లో నల్ల తామర పురుగు వచ్చి తెలుగు రాష్ట్రాల మిరప చేలను పూత మీదే దెబ్బకొట్టింది. అప్పులు తెచ్చి సాగు చేసిన రైతులు తోటలు పీకేశారు. హైబ్రిడ్ గింజ దాచి మళ్ళీ వేస్తే అదే పంట రాదు కాబట్టి ఏటా కొనాల్సిందే. నూరు ఇళ్ళలో నూరు రకాల గింజ ఉంటే, ఒక ఇంటి మిరప పోయినా పక్కింటిది మిగిలే అవకాశం ఉంటుంది. గుంటూరు సన్నానికీ వరంగల్ చపాటాకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. మా పెరటి రకాలకు పేరైనా లేదు. అవి పోయినా పోయాయని ఎవరికీ తెలియదు.

గన్నవరంలో పెరళ్ళు ఇప్పుడు ప్లాట్లవుతున్నాయి. అయినా డాబా మీద కుండీలో మిరప చక్కగా కాస్తుంది. ప్యాకెట్ గింజతో పాటు ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి ఒక నాటు గింజ కూడా వేయండి. అది ఎవరింటి నుంచి, ఏ సంవత్సరం వచ్చిందో ఒక పుస్తకంలో రాసిపెట్టండి. తర్వాత మీ దగ్గర గింజ తీసుకున్నవాళ్ళ పేరూ రాయండి. మా డెల్టా మిరప చరిత్రకు లేని దస్తావేజు అదే.