బై, ట్రై, సెంట్, మిల్లీ... ఇంగ్లీషు మాటల్లో దాగిన లాటిన్ అంకెలు

మా చాచాకు చిన్న కిరాణా దుకాణం ఉంది. మూడేళ్ల కిందట ఒక ప్రైవేటు ఫైనాన్స్ సంస్థ దగ్గర అప్పు తీసుకున్నారు. కాగితంలో వాయిదా ‘బై-మంత్లీ’ అని ఉంది. బై అంటే రెండు, మంత్ అంటే నెల, కాబట్టి రెండు నెలలకోసారి కట్టాలనుకుని ఆయన నిశ్చింతగా ఉన్నారు. పదిహేను రోజులు తిరిగేసరికి వసూలు మనిషి దుకాణం ముందు నిలబడ్డాడు. వాళ్ల లెక్కలో బై-మంత్లీ అంటే నెలకు రెండుసార్లు. పైగా ఆలస్య రుసుము కూడా వేశారు. చాచా ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టి, ‘నువ్వు బీకాం చదివావు కదా బేటా, తప్పు ఎవరిది?’ అని అడిగారు. డిక్షనరీ తీసి చూస్తే రెండు అర్థాలూ ఉన్నాయి. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

అప్పటి నుంచి ఇంగ్లీషు మాట ముందు అంకె కనిపిస్తే ఒక్క క్షణం ఆగి చూడటం అలవాటైంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు, ఇంట్లో మందుల చీటీలూ బ్యాంకు కాగితాలూ చూసుకునే పెద్దలకు పనికొస్తుందని ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

లాటిన్ రోమన్ సామ్రాజ్యపు భాష. సామ్రాజ్యం పోయాక కూడా యూరప్‌లో చర్చి, చట్టం, చదువు వందల ఏళ్లు ఆ భాషలోనే నడిచాయి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి దారిలో ఇంకా వేల లాటిన్ మాటలు ఇంగ్లీషులోకి వచ్చాయి. అందుకే వన్, టూ, త్రీ సొంత ఇంగ్లీషు మాటలైనా, ఆఫీసు, కోర్టు, ఆసుపత్రి కాగితాల్లో అంకెలు ఎక్కువగా లాటిన్ వేషంలో కనిపిస్తాయి.

ఒకటికి యూని. యూనిఫాం అంటే ఒకే రూపం, యునానిమస్ అంటే అందరిదీ ఒకే మనసు. యూనివర్సిటీ అనే మాట కూడా ఈ ఇంటిదే, ‘ఒక్కటిగా చేరిన సమూహం’ అని దాని మూలార్థం. రెండుకు బై, డు. బైలేటరల్ ఒప్పందం, డూప్లికేట్ రసీదు. మూడుకు ట్రై, నాలుగుకు క్వాడ్రి లేదా క్వార్ట్, ఐదుకు క్వింట్, ఆరుకు సెక్స్ట్, ఏడుకు సెప్ట్, ఎనిమిదికి ఆక్ట్, తొమ్మిదికి నవ్ లేదా నాన్, పదికి డెసి, వందకు సెంట్, వెయ్యికి మిల్. సగానికి సెమీ.

ఇవి బట్టీ పట్టాలంటే విసుగే. కానీ వీటికి సరిపోయే మాటలు సగం మన ఇళ్లలోనే ఉన్నాయి.

ఇంట్లో ఉన్న తాళంచెవి

లాటిన్, ఫార్సీ, సంస్కృతం మూడూ ఒకే భాషా కుటుంబం. తెలుగు ద్రావిడ భాష కాబట్టి మన ఒకటి, రెండు, మూడు వాటితో కలవవు. కానీ తెలుగు సంస్కృతం నుంచి తీసుకున్న త్రి, సప్త, అష్ట, నవ, దశ మాత్రం లాటిన్‌కు చుట్టాలే. ఉర్దూలో వాడే ఫార్సీ అంకెలూ అంతే. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడే పిల్లల దగ్గర రెండు తాళంచెవులు ఉన్నట్టు లెక్క.

వారాన్ని హఫ్తా అంటాం కదా, ఫార్సీలో హఫ్త్ అంటే ఏడు. సంస్కృతంలో సప్త, లాటిన్‌లో సెప్టెమ్. సంస్కృతంలో స ఉన్న చోట ఫార్సీలో చాలాసార్లు హ వస్తుంది, సింధు హింద్ అయినట్టే. ఎనిమిది చూడండి: అష్ట, హష్త్, ఆక్టో. పది: దశ, దహ్, డెసెమ్.

నాకు బాగా నచ్చే జత పర్సెంట్, ఫీసద్. లాటిన్‌లో పర్ సెంటమ్ అంటే ‘వందకు ఇంత’. ఉర్దూ ఫీసద్‌లో ఫీ అంటే ప్రతి, సద్ అంటే వంద. తెలుగు శాతంలో ఉన్నది శతం. మూడు భాషలూ ఒకే పని చేశాయి. సదీ అంటే నూరేళ్లు, సెంచరీ అన్నా నూరే. రోమన్ సైన్యంలో సెంచరీ అనే దళం ఉండేది, దాని నాయకుడు సెంచూరియన్. పేరుకు వంద మంది గానీ వాస్తవంలో 80 మంది దాకా ఉండేవారట. 1917లో ఏడో నిజాం ఫర్మానాతో పుట్టిన ఉస్మానియా 2017లో జరుపుకున్నది సెంటినరీ, అంటే నూరేళ్ల పండుగ.

ఉర్దూ మీడియం బడుల్లో సెహ్‌మాహీ, షష్‌మాహీ పరీక్షలు రాసినవాళ్లకు ట్రైమెస్టర్, సెమిస్టర్ విడమరచి చెప్పాల్సిన పని లేదు. సెహ్ మూడు, షష్ ఆరు, మాహ్ నెల. లాటిన్‌లోనూ ట్రై మూడు, సెక్స్ ఆరు, మెన్సిస్ నెల. గర్భిణి ఫైల్‌లో డాక్టరు ‘సెకండ్ ట్రైమెస్టర్’ అని రాస్తే తొమ్మిది నెలలను మూడు ముక్కలు చేసిన రెండో ముక్క అని అర్థం. సెమిస్టర్‌లోని మొదటి ముక్కను సెమీ అనుకుని ‘సగం సంవత్సరం’ అని పిల్లలకు చెప్పేవాళ్లున్నారు. లెక్క ఎలాగూ సరిపోతుంది కాబట్టి ఎవరూ పట్టుకోరు గానీ, అక్కడున్నది ఆరు.

కాన్పు తర్వాత నలభై రోజుల చిల్లా ఎలాంటిదో క్వారంటైన్ కూడా మాటగా అలాంటిదే. చిల్లా ఫార్సీ చెహెల్ నుంచి, అంటే నలభై. ప్లేగు రోజుల్లో వెనిస్ రేవుకు వచ్చిన ఓడలను నలభై రోజులు దూరంగా ఆపేవారు, ఇటలీ భాషలో నలభైని క్వారాంటా అంటారు. అంతకు ముందు 1377లో రగూసా, అంటే ఇప్పటి డుబ్రోవ్నిక్, పెట్టిన గడువు ముప్పై రోజులే. కోవిడ్‌లో మనం పద్నాలుగు రోజులే ఇంట్లో కూర్చున్నా పేరు నలభై రోజులదే. పేరులో అంకె ఒకటి, ఇప్పటి లెక్క ఇంకొకటి కావడం మామూలే. సితార్ అంటే సెహ్ తార్, మూడు తంత్రులు. ఇప్పటి సితార్‌కు ఎన్ని తంత్రులుంటాయో చూసినవాళ్లకు తెలుసు.

నెలల పేర్లలోనూ ఇదే గందరగోళం. సెప్టెంబర్‌లో ఏడు ఉంది, అది తొమ్మిదో నెల. అక్టోబర్‌లో ఎనిమిది, నవంబర్‌లో తొమ్మిది, డిసెంబర్‌లో పది. రోమన్ల పాత సంవత్సరం మార్చితో మొదలయ్యేది, అలా లెక్కపెడితే పేర్లన్నీ సరిగ్గా కుదురుతాయి. జులై పాత పేరు క్వింటిలిస్, అంటే ఐదోది. ఆగస్టు పేరు సెక్స్టిలిస్, ఆరోది. జూలియస్ సీజర్, ఆగస్టస్ పేర్లు పెట్టడంతో ఆ రెండు అంకెలూ మరుగున పడ్డాయి.

మందు సీసా దగ్గర

1795లో ఫ్రాన్స్ మెట్రిక్ కొలతలను చట్టం చేసినప్పుడు ఒక నియమం పెట్టుకున్నారు. చిన్న ముక్కలకు లాటిన్ మాటలు, పెద్ద మొత్తాలకు గ్రీకు మాటలు. లాటిన్ మిల్లీకీ గ్రీకు కిలోకీ అర్థం ఒకటే, వెయ్యి. కానీ మిల్లీగ్రాము అంటే గ్రాములో వెయ్యో వంతు, కిలోగ్రాము అంటే వెయ్యి గ్రాములు. సెంటీమీటరు కూడా అంతే, మీటరులో నూరో వంతు.

ఇది తెలియకపోతే ప్రమాదం మందుల్లోనే. పిల్లల జ్వరం సిరప్ మీద రెండు అంకెలుంటాయి. మిల్లీలీటర్లు ద్రవం కొలత, మిల్లీగ్రాములు అందులో కరిగిన మందు. ఒక సీసాలో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు ఉంటే, అదే మందు ఇంకో సీసాలో 250 ఉండొచ్చు. చెంచా అదే, మందు రెట్టింపు. పోయినసారి పోసినంతే ఈసారీ పోసే ముందు అమ్మీలు, దాదీలు ఆ రెండో అంకె కూడా చూడాలి. థైరాయిడ్ మాత్రల మీద ఉండేది మైక్రోగ్రాము. మైక్రో అంకె కాదు, ‘చిన్న’ అనే అర్థం ఉన్న గ్రీకు మాట. వెయ్యి మైక్రోగ్రాములు కలిస్తే ఒక మిల్లీగ్రాము. 50 మైక్రోగ్రాములను 50 మిల్లీగ్రాములని చదివితే వెయ్యి రెట్ల తేడా.

పోలియో చుక్కల పేరులోనూ అంకె ఉంది. 2016 ఏప్రిల్ దాకా మన దేశంలో వేసినది ట్రైవాలెంట్, మూడు రకాల వైరస్‌ల మీద పనిచేసేది. వాటిలో రెండో రకం సహజ వైరస్ ప్రపంచంలోనే లేదని 2015లో తేల్చాక, ఆ రకాన్ని తీసేసి 1, 3 రకాలకు మాత్రమే బైవాలెంట్ వేయడం మొదలుపెట్టారు. పేరు మారింది కాబట్టి ఏదో కొత్త మందు తెచ్చారని భయపడాల్సింది ఏమీ లేదు. మూడులోంచి ఒకటి తీసేశారు, అంతే.

డబ్బు దగ్గర

క్వార్టర్లీ అంటే నాలుగు నెలలు అనుకునే పొరపాటు కాలేజీలో నా క్లాస్‌మేట్లు కూడా చేసేవాళ్లు. నాలుగో వంతు సంవత్సరం అంటే మూడు నెలలు. ఇల్లు కొనేటప్పుడు వినిపించే ట్రైపార్టైట్ అగ్రిమెంట్‌లో మూడు పక్షాలుంటాయి, సాధారణంగా కొనేవారు, బిల్డర్, బ్యాంకు. జీఎస్‌టీలో సరుకుల ఇన్‌వాయిస్ మూడు కాపీలు: ఒరిజినల్ కొన్నవారికి, డూప్లికేట్ రవాణా చేసేవారికి, ట్రిప్లికేట్ అమ్మినవారికి. డూప్లికేట్ అంటే నకిలీ అనుకుని గొడవపడిన కస్టమర్లనూ చూశాను.

ఇక బిలియన్. మొదట్లో యూరప్‌లో బిలియన్ అంటే మిలియన్‌ను మిలియన్‌తో గుణిస్తే వచ్చేది, మన లెక్కలో లక్ష కోట్లు. అందుకే దాని ముందు ‘బై’ వచ్చింది. అమెరికా మాత్రం 100 కోట్లను బిలియన్ అంది, 1974లో బ్రిటన్ ప్రభుత్వమూ తన లెక్కల్లో దాన్నే తీసుకుంది. గల్ఫ్‌లో అరబీ పత్రికలు 100 కోట్లకు రాసేది మిల్యార్. ఉర్దూ పత్రికల్లో అదే ఒక అరబ్. దుబాయ్ నుంచి ఫోన్‌లో మామూ మిల్యార్ అంటే మిలియన్ అనుకోకండి, వెయ్యి రెట్లు తేడా. మిలియన్ పది లక్షలే.

మళ్లీ బై దగ్గరికి వద్దాం. బైయాన్యువల్ అంటే ఏడాదికి రెండుసార్లు, బయెన్నియల్ అంటే రెండేళ్లకోసారి. రాజ్యసభలో మూడో వంతు సభ్యులు రెండేళ్లకోసారి రిటైరవుతారు, ఆ ఎన్నికలు బయెన్నియల్. ఈ రెండిటికీ స్పెల్లింగ్ వేరు కాబట్టి జాగ్రత్తగా చూస్తే తెలిసిపోతుంది. బై-మంత్లీ, బై-వీక్లీలకు ఆ వీలు లేదు. 2014 నుంచి రిజర్వు బ్యాంకు ప్రకటించే బై-మంత్లీ ద్రవ్య విధానం రెండు నెలలకోసారి. మా చాచా ఫైనాన్స్ వాళ్లది నెలకు రెండుసార్లు. వాళ్లు నిజంగా స్పష్టంగా రాయాలనుకుంటే ఫోర్ట్‌నైట్లీ అనే మాట ఉంది, పద్నాలుగు రాత్రులని దానర్థం, రెండో అర్థం లేదు. నా అభిప్రాయంలో అప్పు కాగితాల మీద బై-మంత్లీ అసలు ఉండకూడదు. ఉంటే సంతకం పెట్టే ముందు తేదీలు రాయించుకోండి. చాచా తర్వాతి కాగితంలో ‘ప్రతి నెల 5, 20 తేదీలు’ అని రాయించారు.

అంకెలా కనిపించి మోసం చేసేవి

పరీక్ష రాసే పిల్లలు ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. బయాలజీ, బైబిల్‌లలోని బై రెండు కాదు. సెప్టిక్ ట్యాంకుకు ఏడుతో పని లేదు, అది కుళ్లడం అనే అర్థం ఉన్న గ్రీకు మాట. సెంటర్‌లో వంద లేదు. నాన్‌స్టాప్‌లో తొమ్మిది లేదు. అన్‌హ్యాపీలో ఒకటి లేదు. ఇద్దరు కొట్లాడే డ్యూయల్ కూడా రెండు నుంచి పుట్టలేదు, యుద్ధానికి పాత లాటిన్ మాట అది. ఆక్టోజెనేరియన్‌లో ఎనిమిది నిజంగానే ఉంది, కానీ అర్థం ఎనిమిదేళ్లవాడు కాదు, ఎనభైల్లో ఉన్నవారు.

అన్నిటికంటే పెద్ద మోసగత్తె క్వింటా. చూస్తే క్వింట్, ఐదు అనిపిస్తుంది. నిజానికి అది వంద. లాటిన్‌లో వందకు సంబంధించిన సెంటెనారియుమ్ అనే మాట గ్రీకు దారిలో అరబీలోకి వెళ్లి ఖింతార్ అయింది. ఆ ఖింతార్ మళ్లీ యూరప్ చేరి క్వింటల్ అయింది. గుంటూరు మిర్చి యార్డులో క్వింటా ధర అని చెప్పేది 100 కిలోలకే.