ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరుకు టైర్ల సైజు మార్చే ముందు తెలుసుకోవలసిన విషయాలు

వరి సాగు చేసే ప్రాంతాల్లో దమ్ము కోసం ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్లు కొనే రైతులు పెరిగారు. టైర్లు అరిగినప్పుడు "వెనక కాస్త పెద్ద సైజు వేస్తే పట్టు పెరుగుతుంది కదా?" అని చాలామంది అడుగుతుంటారు. టూ వీల్ డ్రైవ్ ట్రాక్టరులో ఈ మార్పు వల్ల వచ్చే ఇబ్బంది తక్కువ. ఫోర్ వీల్ డ్రైవ్‌లో మాత్రం ఒక్క వెనక టైర్లే మార్చినా ముందు యాక్సిల్, గేరు బాక్సు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ముందు, వెనక చక్రాల లెక్క

ఫోర్ వీల్ లివర్ వేయగానే ముందు, వెనక చక్రాలు గేర్లతో కలిసిపోతాయి. వెనక చక్రం ఒక చుట్టు తిరిగితే ముందు చక్రం ఎన్ని చుట్లు తిరగాలో కంపెనీ గేర్లలోనే స్థిరపరుస్తుంది. టైరు మార్చినా ఆ గేర్ల లెక్క మారదు.

ముందు టైర్లు వెనక టైర్ల కన్నా కొద్దిగా ఎక్కువ దూరం వెళ్లేలా ఈ లెక్క ఉంటుంది. దీన్ని 'లీడ్' అంటారు. సాధారణంగా ఇది 1 నుంచి 5 శాతం మధ్య ఉండాలి. అప్పుడే ముందు చక్రాలు ట్రాక్టరును లాగుతాయి, స్టీరింగ్ మాట వింటుంది.

లీడ్ సున్నా కన్నా తగ్గితే ముందు చక్రాలు లాగడం మాని బ్రేకులా అడ్డుపడతాయి. మరీ పెరిగితే ముందు టైర్లు నేలను గీరుతూ త్వరగా అరిగిపోతాయి, ముందు యాక్సిల్‌పై భారం పెరుగుతుంది.

ఒక ఉదాహరణ

ఒక ట్రాక్టరులో వెనక చక్రం ఒక చుట్టుకు 412 సెం.మీ., ముందు చక్రం 282 సెం.మీ. దూరం వెళ్తాయనుకుందాం. వెనక చక్రం 1 చుట్టు తిరిగితే ముందు చక్రం ఒకటిన్నర చుట్లు తిరిగేలా గేర్లున్నాయి.

• పాత టైర్లతో: 282 × 1.5 = 423 సెం.మీ. వెనక చక్రం కన్నా 11 సెం.మీ. ఎక్కువ. లీడ్ 2.7 శాతం. సరిగ్గా ఉంది.
• వెనక మాత్రమే 436 సెం.మీ. చుట్టు ఉన్న పెద్ద టైర్లు వేస్తే: ముందు చక్రం 13 సెం.మీ. వెనకబడుతుంది. లీడ్ మైనస్ 3 శాతం. ఇది ప్రమాదం.
• ముందు మాత్రమే 300 సెం.మీ. టైర్లు వేస్తే: లీడ్ 9 శాతం దాటుతుంది. ఇదీ ప్రమాదమే.
• ముందు 300, వెనక 436 వేస్తే: లీడ్ 3.2 శాతం. మళ్లీ లెక్క కుదిరింది.

అంటే సైజు మార్చదలిస్తే నాలుగూ కలిపి, జత కుదిరేలా మార్చాలి.

బురదలో తెలియదు, రోడ్డు మీద తెలుస్తుంది

దమ్ములో చక్రాలు జారుతాయి కాబట్టి ఈ తేడా అక్కడే సర్దుకుపోతుంది. తారు రోడ్డు, సిమెంటు రోడ్డు మీద జారడానికి వీలుండదు. ఆ ఒత్తిడంతా గేర్లు, షాఫ్టుల మీద పడుతుంది. ఫోర్ వీల్ లివర్ బిగుసుకుపోవడం, మలుపుల్లో కుదుపులు, ముందు యాక్సిల్ నుంచి శబ్దం దీని గుర్తులు. టైర్లు సరిగా ఉన్నా సరే, గట్టి రోడ్డు ఎక్కేముందు ఫోర్ వీల్ తీసివేయండి.

ఇతర మార్పులు

• పై ఉదాహరణలో వెనక టైరు పెద్దదైతే అదే గేరులో వేగం దాదాపు 6 శాతం పెరుగుతుంది, లాగే బలం అంతే తగ్గుతుంది. బరువైన ట్రాలీ లాగేటప్పుడు క్లచ్, బ్రేకులపై భారం పెరుగుతుంది.
• పీటీఓ వేగం మారదు, ట్రాక్టరు నడక పెరుగుతుంది. అందుకే అదే గేరులో రోటవేటర్ వేస్తే గడ్డలు పెద్దవిగా మిగులుతాయి.
• వెనక భాగం సుమారు 4 సెం.మీ. లేస్తుంది. పనిముట్ల లోతు, టాప్ లింకు తిరిగి సరిచేసుకోవాలి.
• 14.9-28 అంటే టైరు వెడల్పు 14.9 అంగుళాలు, రిమ్ము 28 అంగుళాలు. దాని బదులు 16.9-28 వేస్తే రిమ్ము వ్యాసం అదే అయినా, వెడల్పైన రిమ్ము కావాలి. ఇరుకు రిమ్ముపై వెడల్పు టైరు ఎక్కించకండి.
• ముందు పెద్ద టైర్లు వేస్తే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌గార్డుకు, ట్రాక్టరు బాడీకి తగులుతాయేమో చూడండి.

మీరే లీడ్ చూసుకునే పద్ధతి

1. నాలుగు టైర్లలో కంపెనీ చెప్పిన మేరకు గాలి నింపండి.
2. ముందు, వెనక ఒక్కో టైరుపై సుద్దతో గీత గీయండి.
3. గట్టిగా ఉన్న సమతల మట్టి నేలపై, ఫోర్ వీల్ తీసివేసి, నెమ్మదిగా, తిన్నగా నడపండి. వెనక చక్రం 20 చుట్లు తిరిగేసరికి ముందు చక్రం ఎన్ని తిరిగిందో మరొకరు పక్కనుంచి, కాస్త దూరంగా నడుస్తూ లెక్కించాలి.
4. ఫోర్ వీల్ వేసి అదే నేలపై మళ్లీ లెక్కించండి.
5. రెండో లెక్కలోంచి మొదటిది తీసివేసి, మొదటి దానితో భాగించి, 100తో గుణించండి. మొదట 29.2, తర్వాత 30 వస్తే లీడ్ 2.7 శాతం. రెండో లెక్క మొదటి దానికన్నా తక్కువ వస్తే ఆ టైర్లతో ఫోర్ వీల్ వాడకండి.

అరుగుదల కూడా సైజు మార్పే

ముందు టైరు గ్రిప్పు 1 సెం.మీ. అరిగితే చుట్టుకొలత 6 సెం.మీ.కు పైగా తగ్గుతుంది. పై ఉదాహరణలో లీడ్ 2.7 నుంచి అర శాతానికి పడిపోతుంది. కాబట్టి ముందు టైర్లు బాగా అరిగి ఉండగా వెనక మాత్రమే కొత్తవి వేస్తే, సైజు మార్చకపోయినా లెక్క తప్పవచ్చు. ఒకే యాక్సిల్‌కు ఒకవైపు కొత్త, మరోవైపు పాత టైరు వేయకండి.

కొనేముందు

ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలో ఏ ముందు సైజుకు ఏ వెనక సైజు జత అవుతుందో ఉంటుంది. ఆ జతలనే ఎంచుకోండి. అదే సైజు అయినా కంపెనీని బట్టి చుట్టుకొలతలో తేడా ఉంటుంది, కనుక దుకాణంలో చుట్టుకొలత అడిగి రాసుకోండి. వారంటీ ఉంటే సైజు మార్చే ముందు డీలరు నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. పట్టు చాలడం లేదనిపిస్తే ముందుగా గాలి, గ్రిప్పు అరుగుదల, బరువుల అమరిక చూసుకోండి. చాలాసార్లు టైరు సైజు జోలికి వెళ్లకుండానే సమస్య తీరుతుంది.