గన్నవరం చేరితే చాలు

మీ ప్రయాణాలు చూస్తే నాకు నవ్వొస్తుందర్రా. రైలెక్కకముందే, దిగాక ఏ గదిలో పడుకోవాలో, ఏ హోటల్లో ఏం తినాలో ఫోన్లో చూసేసుకుంటారు. అన్నీ చూసుకుని కూడా రాత్రంతా నిద్రపోరు. మా పెద్దవాళ్ళకి పొలిమేర దాటితే ముందు ఏముందో తెలిసేది కాదు. అయినా మూట తలకింద పెట్టుకుని ఎవరింటి అరుగుమీదో గుర్రుపెట్టేవారు. ఏమిటీ ధీమా అంటే, ‘నారు పోసినవాడు నీరు పోయడా’ అనేవారు.

అలాగని చేతులూపుకుంటూ బయల్దేరేవారనుకోకండి. మా మామ్మ ఊరు కదలాలంటే నాలుగు రోజుల ముందునుంచే హడావిడి. అటుకులు, సున్నుండలు, చలిమిడి, మరచెంబు నిండా మంచినీళ్ళు. కానీలూ అర్ధణాలూ కొంగున ఒక ముడి, రూపాయి బిళ్ళలు రొండిన ఇంకో ముడి. రూపాయికి పదహారణాలు, అణాకి నాలుగు కానీలు. 1957లో నయాపైసలు వచ్చాక కూడా ఆవిడ లెక్క కానీల్లోనే నడిచింది. రెండు ముళ్ళెందుకే మామ్మా అంటే, ఒకటి పోతే ఒకటుంటుంది కదరా అనేది. ఆవిడకి దేవుడిమీద ఎంత నమ్మకమో దొంగలమీదా అంతే నమ్మకం.

శకునాలు సరేసరి. మా ఊళ్ళో ఒక పెద్దాయన రేవుకి బయల్దేరితే పిల్లి ఎదురొచ్చిందిట. వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్ళీ గడప దాటబోతే ఎవరో తుమ్మారు. మళ్ళీ కూర్చున్నాడు. ఈలోగా పడవ కాస్తా వెళ్ళిపోయింది. ‘చూశారా, ఇవాళ ప్రయాణం కూడదని దేవుడు ముందే చెప్పాడు’ అని అరుగుమీద కూర్చుని అందరికీ చెప్పుకున్నాట్ట. పడవ మాత్రం శుభ్రంగా అవతలి ఒడ్డు చేరింది.

నేను చెప్పబోయింది పిల్లి సంగతి కాదు. ‘కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే’ అనే రోజుల్లో ఏనుగుల వీరాస్వామయ్యగారని ఒకాయన ఉండేవారు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ పని. 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. అప్పటికి మన దేశంలో రైలన్నదే లేదు. అడవులు, కొండలు, ఏరులు, వెనకాల పెద్ద పరివారం. ఈశ్వరుడిమీద భారం వేసి నడిచారాయన. భారం వేశారు కదా అని ఊరుకున్నారా? మజిలీ మజిలీకీ బావులున్నాయా, అంగళ్ళున్నాయా, దిగడానికి తావుందా అని రాసిపెట్టారు. ఆ రాతలు చెన్నపట్నంలోని స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి పంపేవారు, తరవాత అవే ‘కాశీయాత్ర చరిత్ర’ పుస్తకమయ్యాయి. దాటిపోయిన బావితో ఆయనకేం పని చెప్పండి! వెనకాల వచ్చేవాడికి దాహం వేస్తుందనేగా.

కాశీదాకా ఎందుకు, మన కోనసీమే చూడండి. ఇప్పుడంటే వారధులమీద బస్సుల్లో ఝామ్మని పోతున్నారు గానీ, అప్పుడు ఏ వైపు వెళ్ళాలన్నా గోదారి పాయ అడ్డం. గౌతమి దాటితే వైనతేయ, వైనతేయ దాటితే వశిష్ఠ. రేవుకి చేరేసరికి పొద్దుగూకితే పడవ ఉండదు. చంకలో పిల్లలు, కడుపులో ఆకలి. అప్పుడు పెద్దవాళ్ళు పిల్లలతో అనేమాట ఒక్కటే: గన్నవరం చేరితే చాలు.

గన్నవరంలో ఎవరున్నారంటారా? డొక్కా సీతమ్మగారు. పుట్టింది 1841లో, మండపేటలో. నాన్నగారి పేరు భవానీశంకరం, వచ్చినవాడికల్లా బువ్వ పెడతాడని జనం ‘బువ్వన్న’ అనేవారు. లంకల గన్నవరంలో జోగన్నగారి ఇంటికి కోడలుగా వచ్చాక అదే పని ఈవిడా మొదలెట్టారు. అర్ధరాత్రి తలుపు తట్టినా ‘ఎవరు, ఏ కులం’ అని అడగకుండా ముందు కాళ్ళకి నీళ్ళిచ్చేవారట. మా మామ్మ చిన్నప్పుడు వాళ్ళ నాన్న వెంట వెళ్ళి అక్కడ తిందిట. ఏం తిన్నావే అంటే పప్పు గుర్తులేదు, పులుసు గుర్తులేదు, ‘ఇంకాస్త వేసుకో తల్లీ’ అన్న మాట గుర్తుందనేది.

సీతమ్మగారికీ ఒక కోరిక ఉండేదిట, అంతర్వేది నరసింహస్వామిని చూడాలని. ఎప్పుడనుకున్నా ఎవరో ఒకరు ఆకలితో వచ్చేవారు, ప్రయాణం ఆగేది. చివరికి ఒకరోజు పల్లకీ ఎక్కారు. దారిలో బోయీలు అలిసి ఒకచోట దించారు. పక్కనే పెళ్ళివారో ఎవరో పిల్లలతో చతికిలబడ్డారు. పిల్లలు ఆకలని ఒకటే రాగం. ‘కాస్త ఓర్చుకోండర్రా, గన్నవరం సీతమ్మగారింటికి వెళ్ళిపోతే అన్నం పెడతారు’ అంటోంది వాళ్ళమ్మ. పల్లకీలో ఉన్నది ఎవరో ఆవిడకేం తెలుసు!

సీతమ్మగారు విన్నారు. పల్లకీ వెనక్కి తిప్పమన్నారు. వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి రాజేశారు. తరవాత ఆ జనం గుమ్మంలోకి వచ్చి, ‘ఇంత వేళప్పుడు కూడా అన్నం సిద్ధంగా ఉందే, దేవుడు చల్లగా చూశాడు’ అనుకునే ఉంటారు. అనుకుంటే తప్పేముంది, నిజమేగా!

1903లో ఏడో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకపు సంబరాలకి ఢిల్లీ రమ్మని పిలుపొచ్చినా ఆవిడ వెళ్ళలేదని చెబుతారు. పొయ్యి వదిలి అంతర్వేదికే వెళ్ళలేనావిడ ఢిల్లీకేం వెళుతుంది? 1909లో పోయారు.

ఈ కథ విన్నప్పుడల్లా నాకు బోయీలమీదే జాలి. అంత దూరం మోసి, మళ్ళీ అంత దూరం మోసుకొచ్చారు పాపం. వాళ్ళ సంగతేమిటే అని మామ్మని అడిగితే కోప్పడింది: “మొద్దూ, సీతమ్మగారింట్లో వాళ్ళకి మాత్రం విస్తరి వెయ్యకుండా ఉంటార్రా?”