సరుకు లేని అంగడి

బర్గూరు అనగానే కొందరికి ఈరోడు జిల్లాలోని బర్గూరు కొండలును, అచ్చటి పశువులును జ్ఞప్తికి వచ్చును. మన బర్గూరు అది కాదు. కృష్ణగిరికి తూర్పున, చెన్నపట్టణమునకు పోవు రాజమార్గముపై, కుప్పము సరిహద్దుకు చేరువలో నున్న జవుళి బర్గూరు మనది. 1792లో శ్రీరంగపట్టణపు సంధి వలన టిప్పు సుల్తాను ఏలుబడినుండి ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చిన బారామహల్ సీమ ఇది. అలెగ్జాండర్ రీడు దొరయు, ఆయన సహాయకులలో నొకడగు థామస్ మన్రోయు ఈ సీమలోనే పొలములు కొలిపించి శిస్తులు నిర్ణయించిరి. సేలము జిల్లాలోని ఈ భాగము 1965లో ధర్మపురి జిల్లాలోనికి, 2004లో కృష్ణగిరి జిల్లాలోనికి వచ్చినది. జిల్లా పేరు ఎన్నిమార్లు మారినను, ఇంటిభాష తెలుగుగా నిలుపుకొన్న కుటుంబములు ఇచ్చట వేలకొలదిగ నున్నవి.

ఆ కుటుంబములలో పలువురకు జీవనాధారము వ్యవసాయము. కొందరకు జవుళి వర్తకము. సూరతునుండి బేళ్లుగా వచ్చు చీరలు బర్గూరు అంగళ్లలో విప్పబడి, చుట్టుప్రక్కల ఊళ్లకు చిల్లర వర్తకుల మూటలలో చేరును. అందుచేతనే ఈ ఊరిని చిన్న సూరతని పిలుచుట వాడుకైనది. ఇట్టి ఊరిలో ఇప్పుడొక క్రొత్త ప్రశ్న పుట్టినది. ఇంటిలో ఒక్క చీరయైన నిలువలేదు, గోడౌను లేదు, అంగడికి అద్దె లేదు. పిల్లవాడో, కోడలో చేతిలో ఫోను పట్టుకొని ‘నేను జవుళి వ్యాపారము చేయుచున్నాను’ అనుచున్నారు. పెద్దలు ‘సరుకేదిరా?’ అని అడుగుచున్నారు. ఈ ప్రశ్నకు చరిత్రలో సమాధానమున్నదా యని చూచుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ వ్యాపారమునకు డ్రాప్‌షిప్పింగ్ అని పేరు. దీని పద్ధతి సులభముగనే చెప్పవచ్చును. అమ్మువాడు వస్తువు యొక్క బొమ్మను, వెలను ఆన్‌లైనులో ప్రకటించును. కొనువారు సొమ్ము చెల్లించిన పిమ్మటనే అతడు టోకు వర్తకునకు ఆర్డరు పంపును. టోకు వర్తకుడు సరుకును నేరుగా కొనువారి ఇంటికి పంపును. రెండు వెలల నడుమ నున్న తేడాయే నడిమివాని లాభము. సరుకు అతని చేతికి రాదు. అతని కంట పడకయే అమ్ముడుపోవును.

చేతిలో లేని వస్తువును అమ్ముట తప్పా? చట్టము దానిని తప్పనలేదు. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టము, అమ్మువాని వద్ద నున్న సరుకునే గాక, అతడు ఇకముందు సంపాదింపబోవు సరుకును సైతము ఒప్పందమునకు విషయము కావచ్చునని స్పష్టముగ చెప్పుచున్నది. అయితే అదే చట్టము మరి రెండు మాటలు చెప్పినది. వర్ణనను బట్టి అమ్మినచో సరుకు వర్ణనకు సరిపోవలెను. మచ్చు చూపి అమ్మినచో సరుకు మచ్చునకు సరిపోవలెను. అనగా చేతిలో సరుకు లేకుండుట దోషము కాదు. మాటకును సరుకునకును పొంతన లేకుండుటయే దోషము.

మచ్చు చూపి బేరమాడుట మన తీరమునకు క్రొత్త కాదు. ఇంగ్లీషు కంపెనీ వారు 1611లో మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిరి. వారు బట్ట నేయలేదు, నేతగాండ్ర నెరుగరు. దేశీయ వర్తకులకు మచ్చులిచ్చి, బయానా చెల్లించి, ఇన్ని తానులు కావలెనని ఒప్పందము చేసికొనిరి. చెన్నపట్టణమున 1680లో మరణించిన కాశీ వీరన్న అట్టి వర్తకులలో అగ్రగణ్యుడు. ఆయన అంత్యక్రియల వేళ కోటనుండి ముప్పది ఫిరంగులు మ్రోగించిరట. వచ్చిన తానులను కంపెనీ వారు మచ్చుతో పోల్చి, తక్కువ రకమైనవానిని త్రోసిపుచ్చుచుండిరి. త్రోసిన తాను ఎవరి నెత్తిన పడవలెను అను తగవు ఆనాటినుండి ఉన్నదే. నేడు తిరిగివచ్చిన పార్సెలు ఎవరి ఖాతాలో పడవలెనను తగవునకు అది పెద్దన్న.

దూరదేశపు వర్తకమునకు సరుకుకంటె ముందు కావలసినది అభయము. ఈ సత్యమును కాకతీయ గణపతిదేవ చక్రవర్తి ఎరిగియుండెను. 1244లో ఆయన మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము తెలుగు వర్తక చరిత్రలో మణిదీపము వంటిది. తుపానుచేత ఒడ్డున బడిన ఓడల సరుకును పూర్వరాజులు కాజేయుచుండగా, తాను నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు గైకొననని ఆయన ప్రకటించెను. ముఖపరిచయము లేని పరదేశి వర్తకుడు ఆ ఒక్క మాటను నమ్మి ఓడను రేవునకు తేగలిగెను.

బ్రిటిషువారి కాలమున అభయమిచ్చు పని తపాలాశాఖ పాలబడెను. 1877లో వీ.పీ.పీ. పద్ధతి మన దేశమున ప్రవేశపెట్టబడెను. 1880లో మనియార్డరు పని తపాలాశాఖ చేపట్టెను. పోస్టుమాను పార్సెలును కొనువారి గుమ్మమునకు తెచ్చి, వెల పుచ్చుకొని, ఆ సొమ్మును పంపినవానికి చేర్చును. కొనువాడు సరుకు రాకముందు డబ్బు పోగొట్టుకొనడు; అమ్మువాడు డబ్బు రాకముందు సరుకు వదలుకొనడు. ఇద్దరికిని తెలియని ఇద్దరి నడుమ మూడవవాడొకడు నమ్మకమునకు పూటపడెను. తెలుగు పత్రికల వెనుక పుటలలో పుస్తకములు, ఔషధములు వీ.పీ.పీ. ద్వారా పంపబడునను ప్రకటనలను చూచి తెప్పించుకొన్న ఇండ్లు మనలో ఎన్నో గలవు. నేడు సరుకు అందిన పిమ్మట డబ్బు చెల్లించు పద్ధతి యనుచున్నది దాని మనుమరాలే.

ఇక మన కాలమునకు వత్తము. 2007లో బెంగుళూరున ఇద్దరు యువకులు ఫ్లిప్‌కార్ట్ అను పేర పుస్తకముల ఆన్‌లైను అంగడి తెరచిరి. వారికి వచ్చిన మొదటి ఆర్డరు మహబూబునగరమునందలి ఒక తెలుగు పాఠకునిది. అతడు కోరిన పుస్తకము వారి చేతిలో లేదు. వారు బెంగుళూరు పుస్తకాల అంగళ్లు వెదకి, దానిని సంపాదించి పంపిరి. సరుకు లేక ఆరంభమైన ఆ అంగడి పెద్దదగుటకు ఎన్నో కారణములుండవచ్చును. కాని మొదటినాడు వారిని నిలిపినది ఆ వెదకులాటయే. ‘లేదు’ అని చెప్పి ఊరకున్నచో వారిని ఎవరడుగుదురు? మరల 2015లో అదే నగరమున ఆరంభమైన మీషో అను సంస్థ, ఇంటివద్దనున్న స్త్రీలు సరుకు కొనకయే చీరల బొమ్మలను వాట్సాప్‌లో బంధుమిత్రులకు చూపి అమ్ముకొను మార్గమును విస్తృతము చేసెను. మన పల్లెలకు చీరలమూట మోసికొని వచ్చు వర్తకుని స్థానమున ఫోను వచ్చినది. మూట బరువు తగ్గినది. బాధ్యత బరువు తగ్గలేదు.

ఈ బరువు ఎంతటిదో ఒక ఊహాలెక్క వలన తెలియును. ఒక చీర టోకు వెల 400 రూపాయలు, అమ్మకపు వెల 600 అనుకొందము. పార్సెలు ఖర్చు 80, ప్రకటనకు 60 పోగా చీరకు 60 రూపాయలు మిగులును. పది ఆర్డర్లలో రెండు తిరిగివచ్చినచో, నిలిచిన ఎనిమిదింటిపై లాభము 480. తిరిగివచ్చిన ఒక్కొక్క చీరకు పోయిన ఖర్చు, వచ్చిన ఖర్చు, ప్రకటన ఖర్చు కలసి 220, రెంటికి 440. చేతిలో మిగిలినది 40 రూపాయలు. టోకు వర్తకుడు ఆ రెండు చీరలను వెనుకకు పుచ్చుకొననన్నచో, మరి 800 రూపాయలు చీరల రూపమున ఇంటిలో పడియుండును. పెట్టుబడి లేని వ్యాపారమను మాట నమ్మి అప్పుచేసి ప్రకటనలకు పోయువారు ఈ లెక్కను ముందుగా కాగితముపై వేసికొనవలెను.

చట్టము సైతము నడిమివానిని విడిచిపెట్టదు. తాను ఎవరి తరఫున బేరమాడుచున్నాడో వెల్లడింపని దళారి ఒప్పందమునకు తానే బద్ధుడని 1872 నాటి ఒప్పందముల చట్టము భావించుచున్నది. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమముల ప్రకారము, లోపమున్న సరుకును, ప్రకటించిన వర్ణనకు సరిపోని సరుకును అమ్మినవాడు వెనుకకు పుచ్చుకొననని చెప్పరాదు. కొనినవారి వేషమున తన సరుకును తానే పొగడుకొనుటయు నిషిద్ధము. మన ఊరివారు ప్రత్యేకముగా గమనింపవలసిన దొకటి కలదు. 2017 నాటి జీఎస్టీ విధానమున రాష్ట్రము దాటి సరుకు అమ్మువారు, చేతివృత్తుల వస్తువులవంటి కొన్ని మినహాయింపులు తప్ప, అమ్మకము ఎంత స్వల్పమైనను పేరు నమోదు చేసికొనవలసియున్నది. కుప్పములోని మేనత్తకు ఒక చీర, బెంగుళూరులోని వియ్యాలవారికి ఒక చీర పంపినచో, మనకు అది ఇరుగుపొరుగు. చట్టమునకు అది పరరాష్ట్రము.

అయినను బర్గూరు యువతకు ఇతరులకు లేని రెండు అనుకూలతలు గలవు. మొదటిది, సరుకు నడచిపోవు దూరములో నున్నది. ఎక్కడనో యున్న వర్తకుడు పంపిన బొమ్మను నమ్మి అమ్మువాడు గ్రుడ్డివాడు. మనవాడు అంగడికి పోయి, ఒక చీరను తన సొమ్ముతో కొని, ఉతికి చూచి, పన్నా కొలిచి, తన ఫోనుతో బొమ్మ తీసి, ఆ పిమ్మటనే ప్రకటింపవచ్చును. కాశీ వీరన్న నాటి మచ్చు అనగా ఇదియే. తిరిగివచ్చిన చీర సంగతి టోకు వర్తకునితో ముఖాముఖిగ ముందే మాటాడుకొనవచ్చును.

రెండవది మన భాష. చీర అంచు ఎట్టిది, కొంగు ఎట్టిది, జాకెట్టు ముక్క ఉన్నదా లేదా, ఉతికిన రంగు పోవునా పోదా యని కొను స్త్రీ అడుగు ప్రశ్నలకు ఇంటి తెలుగులో సూటిగా జవాబు చెప్పగలవారికి, సరిహద్దుల కావల కోట్లమంది కొనుగోలుదారులున్నారు. తమిళనాట 2006 నాటి తమిళాభ్యసన చట్టము పిదప మన పిల్లలకు బడిలో తెలుగు చదువుకొనుట కష్టతరమైనది. తెలుగు అన్నము పెట్టునా యని అడుగుచున్న బిడ్డకు, ఒక చీరను గూర్చి నాలుగు వాక్యములు తెలుగులో తప్పులేకుండ వ్రాయుమని చెప్పి చూడుడు. ఆ వ్రాతకు విలువ గలదని అతడే గ్రహించును.

కనుక పెద్దలకు ఒక మనవి, పిన్నలకు ఒక మనవి. సరుకు కంటికి కనబడలేదని పెద్దలు దీనిని గాలివర్తకమని త్రోసివేయకుందురు గాక. ఓడరేవులలో మన పూర్వులు చేసినది ఇట్టి వర్తకమే. సరుకు లేదు గనుక కష్టము లేదని పిన్నలు భ్రమపడకుందురు గాక. సరుకు గల వర్తకుడు ఒకసారి మాట తప్పినను అతని అంగడి, అతని బేళ్లు మిగులును. సరుకు లేని వర్తకునికి మాట ఒక్కటే మూలధనము. అది పోయిననాడు అతనికి మూయుటకు తలుపు సైతము మిగులదు.