రష్యా బురదకు జర్మనీ జవాబు

1941 అక్టోబరులో మాస్కో మీదికి సాగుతున్న జర్మన్ సైన్యం దారిలో వానలు పట్టుకున్నాయి. రష్యన్లు ‘రస్పుతిత్స’ అని పిలిచే బురద కాలం అది. తారు ఎరుగని మట్టి రోడ్లు చూస్తుండగానే అడుసు మడులయ్యాయి. జర్మన్ లారీ ఇరుసు దాకా కూరుకుపోయేది. దాన్ని లాగడానికొచ్చిన బండి పక్కనే దిగబడేది. తొలకరిలో నల్లరేగడి డొంకన బండి తోలినవాళ్లకు ఆ అవస్థ ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

మెరుపు యుద్ధం అనగానే ట్యాంకులే కళ్లముందు మెదులుతాయి. నిజానికి ఆ ఏడాది జూన్‌లో సోవియట్ నేల మీదికి వెళ్లిన జర్మన్ సైన్యం వెంట 6 లక్షలకు పైగా గుర్రాలున్నాయి. పదాతి డివిజన్ల ఫిరంగుల్ని చాలావరకు లాగింది అవే. మోటారు దళాలకు మాత్రం క్రౌస్ మాఫై 8 టన్నుల ట్రాక్టర్ వంటివి దక్కేవి. ముందు టైర్లు, వెనక చైన్లు, 140 హార్స్‌పవర్ మేబాక్ ఇంజను, గంటకు 50 కిలోమీటర్ల వేగం. పేరుమోసిన 88 మిల్లీమీటర్ల ఫిరంగిని ఈడ్చింది అదే. అయితే దాని చైన్ల నడుమ చక్రాల్ని ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వచ్చేలా అమర్చారు. ఆ సందుల్లో ఇరుక్కున్న బురద రాత్రి చలికి గడ్డకట్టిందంటే తెల్లారి బండి కదలడం గగనమే. పైగా అది ఖరీదైన సరుకు, కోరినన్ని దొరికేవి కావు.

ఎర్రసైన్యం ఇంత హంగుకు పోలేదు. స్టాలిన్‌గ్రాడ్ ఫ్యాక్టరీలో తయారైన ఎస్‌టీజడ్-5 చైన్ ట్రాక్టర్‌తో ఫిరంగులు లాగించింది. పొలం ట్రాక్టర్‌కు తోబుట్టువు లాంటి ఆ బండి చేతికి చిక్కితే జర్మన్లూ వదల్లేదు, వాడుకున్నారు.

జర్మనీ సొంత జవాబు ఆస్ట్రియాలోని స్టైర్ కంపెనీ నుంచి వచ్చింది. పేరు ‘రౌపెన్‌ష్లెప్పర్ ఓస్ట్’, పొట్టిగా ఆర్‌ఎస్‌ఓ. స్టైర్ 1500 లారీ భాగాలకే పూర్తి చైన్లు తొడిగారు. పక్కకు నాలుగేసి పెద్ద ఉక్కు చక్రాలు, వాటికి రబ్బరు లేదు, అంచులు కలుసుకునే గొడవా లేదు. బండి అడుగు నేలకు అర మీటరుకు పైగా ఎత్తున ఉండేది. 3.5 లీటర్ల పెట్రోల్ ఇంజను గాలితోనే చల్లబడేది. రేడియేటరే లేదు కనుక చలికి నీళ్లు గడ్డకడతాయన్న బెంగ లేదు. వెనక చెక్క తొట్టిలో టన్నున్నర సామాను, కొక్కేనికి 105 మిల్లీమీటర్ల హొవిట్జర్. వేగం మాత్రం గంటకు 17 కిలోమీటర్లే. రానురాను ఉక్కు కేబిన్ కూడా ఎగిరిపోయి, కాన్వాస్ కప్పు మిగిలింది.

ఇదే పనికి ఫెర్డినాండ్ పోర్షే గీసిన భారీ ఉక్కు చక్రాల ట్రాక్టర్‌ను స్కోడా చేపట్టింది. సైన్యం మెచ్చలేదు, సుమారు 200తోనే ఆగిపోయింది. ఆర్‌ఎస్‌ఓ మీద 75 మిల్లీమీటర్ల ట్యాంకు విధ్వంసక ఫిరంగిని ఎక్కించిన ప్రయోగమూ కలిసిరాలేదు. ఫిరంగి సిబ్బందికి సరైన కవచం లేదు, పారిపోదామంటే వేగం లేదు. లాగుడు పనిలో మాత్రం ఆర్‌ఎస్‌ఓకు ఎదురులేకపోయింది. నాలుగు కంపెనీలు కలిసి 27 వేలకు పైగా తయారుచేశాయి.

ఆ లెక్క వెనక ఇంకో లెక్క ఉంది. స్టైర్ పట్టణంలోనే 1942లో మౌత్‌హౌసెన్ నిర్బంధ శిబిరానికి ఉపశిబిరం వెలిసింది. అక్కడి ఖైదీలతో కంపెనీ వెట్టిచాకిరీ చేయించుకుంది. ఆ ఫ్యాక్టరీ సామర్థ్యాన్ని పొగిడేవాళ్లు ఈ మాట దాటేయకూడదు.

బండిగా ఆర్‌ఎస్‌ఓకు వంక పెట్టనక్కర్లేదు. తప్పంతా శీతాకాలం రాకముందే రష్యా లొంగిపోతుందని లెక్కలు వేసుకున్న సేనానులది. ఈ ట్రాక్టర్ వేల సంఖ్యలో చేతికందే నాటికి 1943 వచ్చేసింది. అప్పటికి జర్మన్ సైన్యానికి దాని అవసరం ఫిరంగుల్ని ముందుకు లాగడానికి కాదు, వెనక్కి తెచ్చుకోవడానికే.