దధీచి యెముక, కంచు పతకము

మన దేశమున సైనికునకు లభింపదగిన సత్కారములలో నగ్రగణ్యమైన పరమవీరచక్రము మూడున్నర సెంటీమీటర్ల వ్యాసము గల కంచుబిళ్ళ. ఊదారంగు పట్టీకి వ్రేలాడు నా బిళ్ళ నడుమ అశోకుని సింహముల రాజచిహ్నమును, దాని చుట్టును నాలుగు వజ్రాయుధములును గలవు. వజ్రమనగానే దేవేంద్రుడు స్ఫురించుట సహజమే. కాని ఇంద్రునకు చేయియు విశ్వకర్మకు పనితనమును ఉన్నను, ఆ యాయుధమునకు కావలసిన ద్రవ్యము వారిద్దరికడను లేకపోయెను. వృత్రాసురుని ధాటికి నిలువలేక దేవతలు వచ్చి యర్థింపగా, యోగమార్గమున ప్రాణములు విడిచి తన యెముకలను వారికి వదలిపోయినవాడు దధీచి మహర్షి. ఏర్చూరి సింగన తెనిగించిన భాగవత షష్ఠస్కంధమున నీ కథను మన పెద్దలు తరతరములుగా చదువుకొనుచున్నారు.

ఈ కథను కంచులోనికి దింపిన యామె యీ దేశమున పుట్టలేదు. 1913లో స్విట్జర్లాండునందలి నూషాటెల్ పట్టణమున, హంగరీదేశీయుడగు తండ్రికిని రష్యా దేశస్థురాలగు తల్లికిని జన్మించిన ఈవ్, మన సైన్యమునందలి మహారాష్ట్ర యువకుడగు విక్రమ్ ఖనోల్కరును 1932లో పరిణయమాడి సావిత్రీబాయి యైనది. అత్తవారింటి భాషతోను ఆచారముతోను తృప్తిపడక, సంస్కృతము నభ్యసించి, వేదోపనిషత్తులను పురాణములను శ్రద్ధతో పఠించినది. స్వాతంత్ర్యానంతరము, విక్టోరియా రాణి పేరిటి పతకమునకు మారుగా మనదైన పతకమును సిద్ధపరచు భారము మేజర్ జనరల్ హీరాలాల్ అటల్‌పై పడినప్పుడు, ఆయన యా రూపకల్పనమును కోరినది సావిత్రీబాయినే. పోరున కూలినవాని రూపమును బండపై చెక్కి ఊరి పొలిమేరలో నిలిపిన మన వీరగల్లులను చూచినవారికి, ఈ పతకము రాణిగారి శిలువకంటె నా రాళ్ళకే దగ్గరి చుట్టమని తోచును. రెండింటను పూజ పొందునది గెలుపు కాదు, దేహమును విడిచిన తెగువ.

1950 జనవరి 26న స్థాపితమైన యీ పురస్కారము 1947 ఆగస్టు 15 నుండియే వర్తించునట్లు నిర్ణయింపబడినందున, ప్రథమ పరమవీరచక్రము కుమావూన్ దళము నాలుగవ పటాలమునకు చెందిన మేజర్ సోమనాథ్ శర్మకు దక్కినది. హాకీ యాటలో దెబ్బతిని చేయి పిండికట్టులో నున్నను, తన కంపెనీ కాశ్మీరమునకు పోవుచుండగా తాను వెనుక నుండుట కతడు సమ్మతింపలేదు. 1947 నవంబరు 3న బడ్గాం గ్రామముకడ శత్రువులు పెక్కురెట్ల సంఖ్యలో మూడువైపుల నుండి కమ్ముకొనిరి. అచ్చట నిలువలేకపోయినచో శ్రీనగరు విమానాశ్రయము వారి చేత చిక్కును. అది చిక్కినచో, ఆకాశమార్గమున దిగుచున్న మన సేనలకు దిగుటకు చోటే లేకపోవును. ఈ సంగతి నెరిగిన శర్మ, గుండ్ల వానలో నొక కందకము నుండి మరియొక కందకమునకు పరుగెత్తుచు, కట్టుతోడి చేతితోనే మరతుపాకులకు గుండ్లు నింపి సైనికుల కందించుచు, వెనుదీయబోనని పై యధికారులకు కబురు పంపెను. కొంతసేపటికే అతని చెంతనున్న మందుగుండుపై ఫిరంగిగుండు పడి ప్రేలెను. ఆ కంపెనీ నిలిచిన గంటలలో కావలసిన సేనలు శ్రీనగరున దిగినవి.

మూడు దినముల తరువాత దొరకిన యా కళేబరమును ముఖమును చూచి పోల్చుకొనుట కాలేదు. తోలు పిస్తోలు ఒరను బట్టియు, రొమ్ముజేబులోని భగవద్గీత పుటలను బట్టియు గుర్తించిరి.

నేటివరకు 21 మందికి లభించిన యీ పతకమును 14 మంది కన్నులార చూడలేదు. ఆ పదునలుగురిలో మొదటివాడైన శర్మ, సావిత్రీబాయికి కేవలము పరాయివాడు కాడు. ఆమె పెద్దకుమార్తె కుముదిని మెట్టినది అతని తమ్ముడగు సురేంద్రనాథ్ ఇంటనే. దధీచి యెముకను తలచుకొని యామె గీసిన వజ్రము మొట్టమొదట చేరినది తన వియ్యాలవారి గడపకే.